ప్రొస్టేట్ బయాప్సీ: ఎంఆర్ఐ ముందా, సూది ముందా? ఏ దారిలో చేయించుకోవాలి?

మాస్టర్ హెల్త్ చెకప్‌లో పీఎస్ఏ (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి రక్తంలోకి వదిలే ప్రోటీన్) 7.2 అని వస్తుంది. పక్కనే నార్మల్ 4 లోపు అని అచ్చు వేసి ఉంటుంది. యూరాలజిస్టు వేలితో పరీక్ష చేసి, "బయాప్సీ చేద్దాం" అంటారు, అంటే సూదితో ప్రొస్టేట్ నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించడం. ఇక ఆ సాయంత్రం నుంచి ఇల్లంతా టెన్షనే. సూది తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఒకరంటారు. ఫ్యూజన్ బయాప్సీ అడగమని అమెరికా నుంచి అబ్బాయి వాట్సాప్ చేస్తాడు. ఒక ఆస్పత్రిలో మలద్వారం గుండా తీస్తామంటే, ఇంకో ఆస్పత్రిలో చర్మం గుండా తీస్తామంటారు. రెండూ విన్నాక పేషెంటుకు మిగిలేది అయోమయమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ దారిన సూది వేస్తారనే చర్చకు ముందు, సూది ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవాలి. అంటే వీలైన ప్రతి ఒక్కరూ బయాప్సీకి ముందే ప్రొస్టేట్ ఎంఆర్ఐ తీయించుకోవాలి. ఆ తర్వాత, రెండు దారులూ అందుబాటులో ఉంటే చర్మం గుండా వెళ్ళే దారి మంచిది. మన దగ్గర ఇన్ఫెక్షన్ క్రిములు మందులకు లొంగడం తగ్గిపోయింది కాబట్టి ఈ తేడా మనకు ఇంకాస్త ముఖ్యం. అయితే ఊళ్ళో ఒకే పద్ధతి ఉందని, అది పాతదని, పరీక్షే మానుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పు.

అసలు బయాప్సీ ఇప్పుడే కావాలా?

పీఎస్ఏ పెరగడానికి క్యాన్సర్ ఒక కారణం మాత్రమే. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగుసుకుపోయి పైపు వేసినా ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలాంటప్పుడు ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలు ఆగి మళ్ళీ చేయిస్తే, చాలాసార్లు అంకె దానంతటదే దిగుతుంది. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సైకిల్ తొక్కకుండా, సంభోగం లేకుండా ఉంటే అంకె మీద అనుమానం మిగలదు. ఒక్క రిపోర్టు చూసి నేరుగా బయాప్సీ టేబుల్ ఎక్కాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

దీనికి తలకిందులుగా జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. ప్రొస్టేట్ వాపుకు చాలామంది ఏళ్ల తరబడి డ్యూటాస్టరైడ్ గానీ ఫినాస్టరైడ్ గానీ వాడుతుంటారు. ఎక్కువగా టామ్సులోసిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది కాబట్టి అందులో అది ఉందన్న సంగతే తెలియదు. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడేవాళ్ళూ ఉన్నారు. ఈ మందులు ఆరు నెలల నుంచి ఏడాది వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అలాంటి మనిషికి 3.8 వస్తే అది నిజానికి 7.6 అనుకోవాలి. నార్మల్ అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తే నష్టపోయేది మనమే. అందుకే మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరుకు చూపించండి.

పొట్ట స్కానింగ్ రిపోర్టులో "గ్రేడ్ 2 ప్రొస్టటోమెగలీ" అని రాస్తారు. అది చూసి క్యాన్సర్ రెండో స్టేజి అనుకుని ఏడ్చిన కుటుంబాలున్నాయి. ఆ గ్రేడ్ గ్రంథి సైజు గురించి మాత్రమే. క్యాన్సర్‌కీ దానికీ సంబంధం లేదు.

ఆ రిపోర్టులోనే ఇంకో పనికొచ్చే అంకె ఉంటుంది: గ్రంథి ఎన్ని గ్రాములు అని. పీఎస్ఏను దానితో భాగించి చూడండి. పీఎస్ఏ 6 ఉన్న ఇద్దరిలో ఒకరి గ్రంథి 60 గ్రాములు, ఇంకొకరిది 30 గ్రాములు అనుకుందాం. మొదటాయనకు 0.10 వస్తుంది, రెండో ఆయనకు 0.20. దీన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. 0.15 దాటితే అనుమానం బలపడినట్టు. పీఎస్ఏ ఒకటే అయినా వీళ్ళిద్దరికీ ఒకే సలహా ఇవ్వకూడదు.

వేలితో పరీక్ష చేసినప్పుడు గట్టిగా రాయిలాంటి గడ్డ తగిలితే మాత్రం పీఎస్ఏ ఎంతున్నా ఆలస్యం చేయకూడదు. మొహమాటంతో ఆ పరీక్ష వద్దనకండి. అర నిమిషంలో అయిపోతుంది.

అల్ట్రాసౌండ్ చూస్తూ తీస్తారు కదా, మళ్ళీ ఎంఆర్ఐ ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి.

మలద్వారంలో పెట్టే అల్ట్రాసౌండ్ ప్రోబ్ తెరమీద గ్రంథిని చక్కగా చూపిస్తుంది. దాని అంచులు, సైజు, మూత్రనాళం, సూది ఎటు వెళ్తుందో అన్నీ కనిపిస్తాయి. క్యాన్సర్ మాత్రం నమ్మకంగా కనపడదు. చాలా గడ్డలు చుట్టుపక్కల మామూలు కండలాగే బూడిద రంగులో కలిసిపోతాయి. అందువల్ల ఎంఆర్ఐ లేకుండా చేసే మామూలు ట్రస్ బయాప్సీలో (మలద్వారంలో పెట్టిన అల్ట్రాసౌండ్ చూస్తూ తీసేది) డాక్టరు గడ్డకు గురిపెట్టి తీయడం లేదు. గ్రంథిని భాగాలుగా అనుకుని, ఒక్కో భాగం నుంచి ఒక్కో ముక్క తీస్తారు. 1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఆరు చోట్ల నుంచి తీసే పద్ధతి చెప్పారు. తర్వాత అది 10 నుంచి 12 ముక్కలకు పెరిగింది. ఇప్పటికీ మన దగ్గర చాలాచోట్ల ఈ 12 ముక్కల పద్ధతే నడుస్తోంది.

నీళ్ళు ఎక్కడున్నాయో పాయింట్ చూపించుకోకుండా పొలంలో పన్నెండు చోట్ల బోర్లు వేసినట్టు ఉంటుందిది. తగిలితే తగులుతుంది, లేకపోతే రెండు బోర్ల మధ్యన ఉండిపోతుంది.

ఎంత ఉండిపోతుందో కొలిచి చూశారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రామిస్ అనే బ్రిటన్ అధ్యయనంలో 576 మందికి ఎంఆర్ఐ, ట్రస్ బయాప్సీ రెండూ చేసి, ప్రతి 5 మిల్లీమీటర్లకూ ఒక ముక్క తీసే మ్యాపింగ్ బయాప్సీతో పోల్చారు. చికిత్స అవసరమయ్యే క్యాన్సర్లలో ట్రస్ బయాప్సీ పట్టుకున్నది 48 శాతం. ఎంఆర్ఐ అనుమానించి చూపించినవి 93 శాతం. అయితే ఎంఆర్ఐ అనవసరంగా అనుమానించిన కేసులూ చాలా ఉన్నాయి. కాబట్టి ఎంఆర్ఐలో మచ్చ కనపడితే క్యాన్సర్ ఖాయమైనట్టు కాదు. అక్కడి నుంచి ముక్క తీసి చూడాలని అర్థం.

మరుసటి ఏడాది, 2018లో, ప్రెసిషన్ అనే అధ్యయనం 500 మందితో వచ్చింది. సగం మందికి నేరుగా మామూలు బయాప్సీ చేశారు. మిగతా సగానికి ముందు ఎంఆర్ఐ తీసి, అందులో అనుమానం ఉంటేనే బయాప్సీ చేశారు. ముఖ్యమైన క్యాన్సర్ మామూలు పద్ధతిలో 26 శాతం మందిలో, ఎంఆర్ఐ పద్ధతిలో 38 శాతం మందిలో దొరికింది. ఎంఆర్ఐ గుంపులో 28 శాతం మందికి సూది అవసరమే రాలేదు. ఇంకో మంచి సంగతి: వైద్యం అక్కర్లేని చిన్నాచితకా క్యాన్సర్లు 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. ఈ చివరి అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. ప్రాణానికి ముప్పులేని గడ్డ పేరు చెప్పి, మనిషిని జీవితాంతం క్యాన్సర్ పేషెంటుగా మార్చడం చిన్న హాని కాదు.

ఎంఆర్ఐ రాయించుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మామూలు "పెల్విస్ ఎంఆర్ఐ" కాకుండా "ప్రొస్టేట్ ఎంఆర్ఐ" అని రాయించుకోండి. రిపోర్టులో పైరాడ్స్ స్కోరు 1 నుంచి 5 వరకు ఇచ్చి ఉండాలి. 1, 2 అయితే అనుమానం తక్కువ. 4, 5 అయితే బయాప్సీ తప్పదు. 3 వస్తే అటూ ఇటూ కానిది. అప్పుడే పైన చెప్పిన పీఎస్ఏ డెన్సిటీ అక్కరకొస్తుంది. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళు కాంట్రాస్ట్ ఇంజెక్షన్ గురించి భయపడతారు. నాణ్యంగా తీస్తే ఆ ఇంజెక్షన్ లేని ఎంఆర్ఐ కూడా దానికి తీసిపోదని 2025లో వచ్చిన ప్రైమ్ అధ్యయనం చూపించింది. ఖర్చు కూడా తగ్గుతుంది. కిడ్నీ సమస్య ఉంటే ఈ మాట డాక్టరుతో ఎత్తండి.

ముందు బయాప్సీ చేయించుకుని, తర్వాత ఎంఆర్ఐ తీయిద్దామనుకుంటే చిక్కే. సూదులు పడ్డాక గ్రంథి లోపల రక్తం చిమ్మి, చిత్రంలో మచ్చలుగా కనిపిస్తుంది. అది సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది. ఎలాగూ ఎంఆర్ఐ తీయించుకునేట్టయితే సూదికి ముందే తీయించుకోవాలి.

పాత పేస్‌మేకర్ ఉంటే ఎంఆర్ఐ కుదరకపోవచ్చు. రెండు తుంటి కీళ్ళూ మార్పించుకున్నవాళ్ళకు లోహం వల్ల బొమ్మ చెదురుతుంది. వీళ్ళు 12 ముక్కల పద్ధతికే వెళ్ళాల్సి రావచ్చు. అది దొరికినంతలో సరైన పరీక్షే.

ఫ్యూజన్ అంటే గొప్పా?

ఎంఆర్ఐలో మచ్చ కనిపించాక దాన్ని గురిపెట్టడానికి మూడు మార్గాలున్నాయి. ఎంఆర్ఐ బొమ్మను డాక్టరు మనసులో పెట్టుకుని, అల్ట్రాసౌండ్ తెర మీద ఆ చోటు అంచనా వేసి తీయడం ఒకటి. దీన్ని కాగ్నిటివ్ అంటారు. సాఫ్ట్‌వేరు ఎంఆర్ఐ బొమ్మను అల్ట్రాసౌండ్ బొమ్మ మీద పరిచి చూపిస్తే తీయడం రెండోది, ఇదే ఫ్యూజన్. ఎంఆర్ఐ మెషిన్‌లోనే పడుకోబెట్టి తీయడం మూడోది, ఇది అరుదు, ఖరీదు.

పెద్ద ఆస్పత్రుల బ్రోచర్లు చూస్తే ఫ్యూజన్ లేకపోతే పని జరగదనిపిస్తుంది. 2019లో నెదర్లాండ్స్‌లో ఫ్యూచర్ అనే అధ్యయనం ఈ మూడింటినీ పోల్చింది. క్యాన్సర్ పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మచ్చ బాగా చిన్నదైతే, గ్రంథి ముందు వైపు మూలలో ఉంటే సాఫ్ట్‌వేరు సాయం పనికొస్తుందని నేను నమ్ముతాను. పెద్ద మచ్చకు, ఎంఆర్ఐ చదవడం బాగా వచ్చిన డాక్టరుంటే, కాగ్నిటివ్ చాలు. కేవలం ఫ్యూజన్ మెషిన్ కోసం నెల రోజుల అపాయింట్‌మెంటుకు ఎదురుచూడటం, అప్పు చేయడం అవసరం లేదు. మెషిన్ పేరు అడిగేకన్నా, ఇలాంటివి నెలకు ఎన్ని చేస్తారని అడగండి.

మచ్చ నుంచి సాధారణంగా 3 నుంచి 5 ముక్కలు తీస్తారు. దాంతోపాటు మిగతా గ్రంథి నుంచి కూడా కొన్ని తీయడం మంచిది. రెండూ కలిపితేనే తప్పిపోయేవి తగ్గుతాయి.

మలద్వారం గుండానా, చర్మం గుండానా?

రెండింటిలోనూ అల్ట్రాసౌండ్ ప్రోబ్ మలద్వారంలోనే ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, చర్మం గుండా అంటే ప్రోబ్ ఉండదనుకుంటారు. తేడా సూది దారిలోనే.

మలద్వారం గుండా చేసే పద్ధతిలో ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని పడుకోమంటారు. వేలి కన్నా కాస్త లావుగా ఉండే ప్రోబ్‌కు జెల్ రాసి లోపలికి పెడతారు. గ్రంథి పక్కనున్న నరాల దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత స్ప్రింగ్ గన్ 'టక్' మంటుంది. ఒక్కో 'టక్'కి దారంలా సన్నగా, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున ఒక ముక్క వస్తుంది. నర్సు దాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తుంది. శబ్దం అలవాటయ్యేలోపు మొదటి రెండు మూడు సార్లు ఉలిక్కిపడతారు. అందుకే మంచి డాక్టర్లు ముందే గన్‌ను గాల్లో ఒకసారి పేల్చి వినిపిస్తారు. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాల పని. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళొచ్చు.

ఇబ్బంది ఏమిటంటే, సూది ప్రతిసారీ మలద్వారం గోడను పొడిచి గ్రంథిలోకి వెళ్తుంది. అక్కడి క్రిములు సూదితోపాటు లోపలికి వెళ్ళే వీలుంది. దాన్ని ఆపడానికి ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. దశాబ్దాలుగా ఆ మందు సిప్రోఫ్లాక్సాసిన్. మన దగ్గర జ్వరానికీ, విరేచనాలకూ, మూత్రంలో మంటకూ మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని ఈ మందును ఎంత వాడేశామో అందరికీ తెలుసు. ఫలితంగా మన పేగుల్లో ఉండే ఈ.కోలై క్రిముల్లో ఎక్కువ భాగం దీనికి లొంగవు. యూరప్‌లోనైతే దుష్ప్రభావాల కారణంగా 2019లోనే ప్రొస్టేట్ బయాప్సీకి ముందు జాగ్రత్తగా ఈ రకం మందులు ఇవ్వడానికి అనుమతి ఎత్తేశారు. కాబట్టి "సిప్రో రెండు మాత్రలు వేసుకుని రండి" అని మాత్రమే చెబితే, ఇంకేమైనా జాగ్రత్త తీసుకుంటున్నారా అని అడగడం మీ హక్కు. మలద్వారం స్వాబ్ కల్చర్ చేసి ఏ మందుకు క్రిమి లొంగుతుందో చూసి ఇవ్వడం ఒక మార్గం. చేసే ముందు మలద్వారాన్ని పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేయడం ఇంకోటి. ఈ రెండోది చవక, తేలిక, ఇన్ఫెక్షన్ తగ్గిస్తుందని రుజువైంది కూడా.

చర్మం గుండా చేసే పద్ధతిని ట్రాన్స్‌పెరీనియల్ అంటారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి ఎత్తి కడతారు. వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మాన్ని శుభ్రంచేసి అక్కడి నుంచి సూది పంపుతారు. సూది పేగును తాకదు. 2021 నుంచి యూరప్ యూరాలజీ సంఘం దీనికే మొదటి మొగ్గు చూపుతోంది. గ్రంథి ముందు భాగంలో దాక్కున్న గడ్డలను అందుకోవడం కూడా ఈ దారిలోనే తేలిక. మలద్వారం తీసేసిన ఆపరేషన్ జరిగినవాళ్ళకైతే మలద్వారం దారి ఎలాగూ కుదరదు.

బ్రిటన్‌లో ట్రాన్స్‌లేట్ అనే పెద్ద అధ్యయనం 1,100 మందికి పైగా పురుషుల్లో రెండు దారులనూ పోల్చి 2025లో ఫలితాలిచ్చింది. ముఖ్యమైన క్యాన్సర్ చర్మం దారిలో 60 శాతం మందిలో, మలద్వారం దారిలో 54 శాతం మందిలో దొరికింది. ఇన్ఫెక్షన్‌తో 35 రోజుల్లోపు ఆస్పత్రిలో చేరినవాళ్ళు మలద్వారం దారిలో 2 శాతం దాకా, చర్మం దారిలో 1 శాతం లోపు. కాకపోతే చర్మం దారిలో చేసేటప్పుడు నొప్పి, బిడియం అనిపించిందని చెప్పినవాళ్ళు ఎక్కువ. ఇన్ఫెక్షన్లలో పెద్ద తేడా లేదని తేల్చిన అమెరికా అధ్యయనాలూ ఉన్నాయి. అంటే మంచి యాంటీబయాటిక్ జాగ్రత్తతో మలద్వారం దారి కూడా సురక్షితంగానే చేయొచ్చు. ఆ జాగ్రత్త మన దగ్గర అన్నిచోట్లా ఒకేలా ఉండదు, మందులకు లొంగని క్రిములు మన దగ్గర ఎక్కువ. నేను చర్మం దారివైపు మొగ్గేది ఈ రెండు కారణాల వల్లే.

షుగర్ అదుపులో లేనివాళ్ళు, గత ఆరు నెలల్లో ఆస్పత్రిలో చేరి యాంటీబయాటిక్స్ వాడినవాళ్ళు, మూత్రపు పైపుతో ఉన్నవాళ్ళు, ఇదివరకు బయాప్సీ తర్వాత జ్వరం వచ్చినవాళ్ళు చర్మం దారి కోసం కాస్త దూరం ప్రయాణం చేసినా తప్పులేదు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోండి. సంక్రాంతికో పెళ్ళికో ఇండియా వచ్చి వెళ్ళిన కొద్ది నెలల్లో బయాప్సీ పడితే, ఆ ప్రయాణం సంగతి అక్కడి డాక్టరుకు తప్పక చెప్పండి. మందులకు లొంగని క్రిములు వెంట వచ్చి ఉండొచ్చన్నది వాళ్ళు లెక్కలోకి తీసుకునే విషయమే.

మత్తు ఏది?

మలద్వారం దారికి లోకల్ మత్తు చాలు. చర్మం దారిని మన దగ్గర చాలాచోట్ల నడుముకు మత్తు ఇచ్చి గానీ, కాసేపు పూర్తి మత్తులో గానీ చేస్తారు. దాంతో ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, ఒక పూట అడ్మిషన్, ఆ మేరకు బిల్లు వస్తాయి. కానీ లోకల్ మత్తులో కూడా చేయొచ్చు. ట్రాన్స్‌లేట్ అధ్యయనంలో చేసింది అలాగే. గుండె జబ్బున్నవాళ్ళు, డబ్బు చూసుకోవాల్సినవాళ్ళు "లోకల్‌లో చేస్తారా?" అని అడిగి చూడండి. బాగా భయపడేవాళ్ళకు పూర్తి మత్తే మేలు. బిగుసుకుపోయిన మనిషికి గురి కుదరదు.

ముందు చెప్పాల్సినవి, తర్వాత చూడాల్సినవి

ముందు మూత్రం కల్చర్ చేయించాలి. ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాకే బయాప్సీ. రక్తం పలచబడే మాత్రల విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను చాలాసార్లు ఆపకుండానే చేస్తారు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, కొత్తరకం మాత్రలు మాత్రం ఎన్ని రోజులు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి. స్టెంట్ వేసి ఏడాది కాకుండా మందు ఆపేస్తే, బయాప్సీ కన్నా పెద్ద ప్రమాదం కొనితెచ్చుకున్నట్టు.

తర్వాత కొద్దిరోజులు మూత్రంలో రక్తం పడొచ్చు. మలద్వారం దారిలో చేస్తే విరేచనంలో కూడా. వీర్యంలో ఎర్రగానో గోధుమ రంగులోనో కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా కనిపిస్తుంది. దీని గురించి ముందు చెప్పకపోవడం వల్ల భార్యాభర్తలు ఇద్దరూ హడలిపోతారు. భయం లేదు, తగ్గిపోతుంది. అంగస్తంభనలో తేడా వచ్చినా సాధారణంగా తాత్కాలికమే.

చలి జ్వరం వస్తే మాత్రం పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మందులకు లొంగని క్రిమి రక్తంలోకి వెళితే గంటల్లో పరిస్థితి విషమిస్తుంది. అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళి, "నాకు ప్రొస్టేట్ బయాప్సీ చేశారు" అని మొదటి వాక్యంగా చెప్పండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, గడ్డలు గడ్డలుగా రక్తం పడినా అంతే. బయాప్సీ అయిన రాత్రి ఊరి బస్సెక్కి వంద కిలోమీటర్లు వెళ్ళిపోకుండా, ఒకటి రెండు రోజులు ఆస్పత్రికి దగ్గరలో బంధువుల ఇంట్లో ఉండగలిగితే మంచిది.

సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట గురించి ఒక్క ముక్క. ప్రొస్టేట్ విషయంలో సూది దారి వెంట క్యాన్సర్ మొలవడం అత్యంత అరుదు. ఆ భయంతో పరీక్ష మానేసిన మనిషికి క్యాన్సర్ నిజంగానే ఎముకలకు పాకాక తెలుస్తుంది. ఈ మాట పంచేవాళ్ళు మంచికే చెబుతున్నామనుకుంటారు గానీ, దానివల్ల ప్రాణాలు పోతున్నాయి.

బయాప్సీకి బదులు ఇంకేదైనా?

పీఎస్ఎంఏ పెట్ స్కాన్ చేయిస్తే సూది అక్కర్లేదు కదా అని కొందరు అడుగుతారు. ఆ స్కాన్ ప్రధానంగా క్యాన్సర్ ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూడటానికి. దాంతో మామూలుగా రోగ నిర్ధారణ చేసి ఆపరేషన్‌కో రేడియేషన్‌కో పంపరు.

"మా నాన్నగారికి ప్రొస్టేట్ ఆపరేషన్ అయిపోయింది, ముక్క పరీక్షలో ఏమీ లేదన్నారు, ఇక భయం లేదు" అన్న మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. మూత్రనాళం లోపలి నుంచి చేసే టీయూఆర్‌పీ ఆపరేషన్‌లో గ్రంథి మధ్య భాగాన్ని చెక్కి తీస్తారు. క్యాన్సర్లలో దాదాపు 70 శాతం పుట్టేది బయటి అంచు భాగంలో. అది ఆపరేషన్ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి టీయూఆర్‌పీ అయినవాళ్ళకు పీఎస్ఏ పెరుగుతుంటే, వాళ్ళకూ ఇదే దారి: ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీ.

కొందరికి మాత్రం ఇంత వరస అక్కర్లేదు. పీఎస్ఏ వందలు దాటి, ఎముకల్లో మచ్చలు కనిపిస్తున్న పెద్దవయసు వ్యక్తికి ఎంఆర్ఐ, ఫ్యూజన్ అంటూ తిప్పడం హింస. మలద్వారం దారిలో నాలుగు ముక్కలు తీసినా సరిపోతుంది. అలాంటి మనిషికి కాళ్ళు ఉన్నట్టుండి నీరసపడి నడవలేకపోతే వెన్నుపాము నొక్కుకుపోయిందని అనుమానించి అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బయాప్సీ రిపోర్టు కోసం ఆగకూడదు. ఎనభై దాటి, ఇతర జబ్బులతో మంచానికి పరిమితమైన పెద్దాయనకు 6, 7 పీఎస్ఏ వచ్చిందని సూదులు పొడిపించడం కూడా నేను సమర్థించను. ఆ వయసులో నెమ్మదిగా పెరిగే గడ్డ గురించి తెలిసి బాగుపడేది దాదాపు ఏమీ ఉండదు.

యాభై ఐదు, అరవై ఏళ్ళ ఆరోగ్యవంతుడు, అన్న గానీ తండ్రి గానీ ఈ జబ్బుతో పోయినవాడు, ఎంఆర్ఐలో స్కోరు 2 వచ్చినా డెన్సిటీ 0.20 ఉంటే నిశ్చింతగా కూర్చోకూడదు. ఇలాంటివాళ్ళకు ఎంఆర్ఐ బాగున్నా 12 ముక్కల బయాప్సీ చేయడం సబబే. అదే స్కోరు 2, డెన్సిటీ 0.08 ఉన్నవాళ్ళు ఆరు నెలలకోసారి పీఎస్ఏ చూసుకుంటూ సూది వాయిదా వేసుకోవచ్చు. ఒకసారి బయాప్సీలో ఏమీ రాకపోయినా పీఎస్ఏ పెరుగుతూనే ఉంటే, అదే పద్ధతిలో మళ్ళీ 12 ముక్కలు తీయించుకోవడం దండగ. ఈసారి ఎంఆర్ఐ, ఆపై చర్మం దారి, ముఖ్యంగా గ్రంథి ముందు భాగం వెతికించాలి.

సీసాలు, రిపోర్టు

ఏ పద్ధతి ఎంచుకున్నా చివరకు అంతా ఆధారపడేది ముక్కలను మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టు మీద. ల్యాబు సీసాకు ఇంతని ఛార్జ్ చేస్తుందని, చాలాచోట్ల ముక్కలన్నీ కుడి ఒక సీసా, ఎడమ ఒక సీసాగా కలిపేస్తారు. అప్పుడు గడ్డ ఎక్కడుందో, ఎన్ని ముక్కల్లో ఉందో సరిగా తెలియదు. కనీసం ఎంఆర్ఐలో కనపడిన మచ్చ నుంచి తీసిన ముక్కలను వేరే సీసాలో, పేరు రాసి పంపమని అడగండి. ఆపరేషన్ చేసేటప్పుడు నరాలు కాపాడవచ్చా లేదా అన్నది కూడా ఈ వివరం మీద కొంత ఆధారపడుతుంది.

రిపోర్టులో క్యాన్సర్ ఎంత దూకుడైనదో చెప్పే గ్లీసన్ స్కోరు, గ్రేడ్ గ్రూప్ 1 నుంచి 5 వరకు ఉంటాయి. 3+3 అంటే గ్రూప్ 1. ఇది వచ్చిందని వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర్లేదు. క్రమం తప్పకుండా గమనిస్తూ ఉండటం చాలామందికి సరైన వైద్యం. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అధ్యయనంలో పదిహేనేళ్ళు చూసినా, గమనించినవాళ్ళలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో, రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో ఈ జబ్బుతో పోయినవాళ్ళు అటూ ఇటూగా మూడు శాతమే. 3+4, 4+3 రెండూ కలిపితే 7 అయినా ఒకటి కాదు. మొదటిది గ్రూప్ 2, రెండోది గ్రూప్ 3. వైద్యం మారిపోతుంది. అందుకే పెద్ద నిర్ణయం తీసుకునే ముందు స్లైడ్లను క్యాన్సర్ పాథాలజీ బాగా చూసే చోట మళ్ళీ చదివించడం తప్పేమీ కాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి లాంటివి ఉన్నాయి. అక్కడికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళితే చాలదు. స్లైడ్లు, ముక్కలు పొదిగిన మైనం బ్లాకులు, ఎంఆర్ఐ సీడీ మొదట చేసిన ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. సెకండ్ ఒపీనియన్ కోసం అని చెప్పి రాసిస్తే ఇస్తారు. బ్లాకులు ఎండ తగిలితే కరుగుతాయి కాబట్టి కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకుండా చేతి సంచిలో తీసుకెళ్ళండి.